పాక పక్కన ఎరుపు

క్రిస్మస్ మర్నాడు పొద్దుటి పూజకు జనం పలచగా ఉంటారు. ఇంటినిండా చుట్టాలు, కళ్లనిండా నడిరాత్రి పూజ తాలూకు నిద్ర. వచ్చిన నలుగురికీ ఒక వింత కనబడుతుంది. నిన్న తెల్లటి పూజావస్త్రాల్లో ఉన్న ఫాదర్‌గారు ఇవాళ ఎరుపులో వస్తారు. పశువుల పాక అలాగే ఉంటుంది, నక్షత్రమూ వెలుగుతూనే ఉంటుంది. చదివేది మాత్రం రాళ్లతో కొట్టి చంపిన స్తెఫను సంగతి. రాళ్లు విసిరేవాళ్ల బట్టలకు కాపలాగా సౌలు కూడా అందులో ఉంటాడు, ఇంకా పౌలు కాకముందు.

నాకు నడిరాత్రి పూజకన్నా ఇదే ఇష్టం. 2021లో లాగా 26 ఆదివారం పడితే తిరుకుటుంబ పండుగ వచ్చి స్తెఫనును పక్కకు నెట్టేస్తుంది. ఆ ఏడు నాకు ఏదో వెలితి.

27న యోహాను, తెలుపు. 28న హేరోదు చంపించిన బేత్లెహేము పసిబిడ్డలు, మళ్లీ ఎరుపు. ఈ వరసకు పాతకాలపు పండితులు ఒక లెక్క చెప్పారు. స్తెఫను ప్రాణమివ్వడానికి సిద్ధపడ్డాడు, ఇచ్చాడు. యోహాను సిద్ధపడ్డాడు గానీ ముసలితనంలో మామూలుగానే పోయాడు. పసిబిడ్డల ప్రాణాలు పోయాయి, వాళ్లనెవరూ అడగలేదు. లెక్క మరీ చక్కగా కుదిరింది. తేదీలు ముందొచ్చి, వివరణ తర్వాత పుట్టిందని నా అనుమానం.

అయినా ఆ మూడోమాట దగ్గర ఆగిపోతాను. పాలుతాగే పిల్లలకు విశ్వాసమేమిటి, సాక్ష్యమేమిటి? హేరోదు వెతికింది వాళ్లను కాదు కూడా. శ్రీసభ మాత్రం వాళ్లనూ వేదసాక్షుల్లో కలుపుకుంది. ఒకప్పుడు ఆ రోజు శోకానికి గుర్తుగా ఊదారంగు వేసుకునేవారు. 1960 సవరణలతో అది ఎరుపుకు మారింది. నన్నడిగితే ఊదాయే ఉంచాల్సింది. ఎరుపులో గెలుపు ఉంది, ఆ తల్లులు గెలిచిందేముంది? మత్తయి సైతం అక్కడ రాహేలు ఏడుపునే తలుచుకున్నాడు.

29న థామస్ బెకెట్. ఇంగ్లండు రాజు రెండో హెన్రీకి ఒకనాటి ఛాన్సలర్, ఆప్తుడు. నేరం చేసిన గురువులను ఎవరి కోర్టు శిక్షించాలన్న తగువు ముదిరి, 1170లో నలుగురు నైట్లు కాంటర్‌బరీ కేథడ్రల్‌లోనే ఆయన్ను నరికేశారు. 1173కల్లా పునీతుడయ్యాడు. (ఆ తగువు ఇప్పుడు మన ముందుకొస్తే చాలామందిమి రాజు పక్షమే చేరతామేమో.) ఇంగ్లండులో ఆయనకు పండుగ చేస్తారు. మనకు మాత్రం ఆ రోజు క్రిస్మస్ ఎనిమిది రోజుల్లో ఒకటి, అందుకే ఫాదర్‌గారు తెలుపులోనే వస్తారు. బెకెట్‌కు దక్కితే ఒక్క ప్రార్థన దక్కుతుంది, అదీ ఫాదర్‌గారికి గుర్తుంటేనే.