గాలి ఏ మూలనుంచి?

తుపాను రోజుల్లో మా శ్రీకాకుళం జిల్లా భావనపాడు రేవులో టీవీ ముందు చేరినవాళ్లు యాంకర్ మొహం చూడరు. కింద పరుగెత్తే స్క్రోలింగూ చదవరు. మా మావయ్య అయితే ఒకటే అడుగుతాడు: “ఆ పిల్ల బాగానే సదువుతంది గానీ, గాలి ఏ మూలనుంచి ఒస్తాదో సెప్పదేటి?”

ఏళ్ల తరబడి వార్తలు చదివి బతికినవాణ్ని. ఈ వృత్తికి ఇంతకంటే సూటైన పరీక్ష నాకు తెలీదు.

1983 నవంబరు 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో తొలి తెలుగు బులెటిన్ చదివిన శాంతిస్వరూప్ గారికి ప్రాంప్టర్ లేదు. చాలా ఏళ్ల పాటు కాగితాలతోనే నెట్టుకొచ్చారు. వార్తని ముందే మనసుకెక్కించుకుని, తలెత్తి, కెమెరాలోకి చూసి చెప్పేవారు. 2024 ఏప్రిల్ 5న ఆయన పోయినప్పుడు అందరూ ఆ గొంతునీ, ఆ నెమ్మదినీ తలుచుకున్నారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఊపిరి. వాక్యం పూర్తిగా అర్థమైనవాడికే దాన్ని ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. ప్రాంప్టర్ మీద అక్షరాలు కదులుతుంటే అర్థం కాకపోయినా చదివేయొచ్చు. వినేవాళ్లు మాత్రం ఆ తేడా పట్టేస్తారు.

ఇప్పటి యాంకర్ల కష్టం ఆయన రోజుల్లో లేదు, అదీ ఒప్పుకోవాలి. తెల్లవారుజాము షిఫ్టంటే ఊరంతా నిద్రలో ఉండగానే మేకప్ కుర్చీలో కూర్చోవాలి. తుపాను లైవ్‌కి స్క్రిప్ట్ ఉండదు. చెవిలో పీసీఆర్ (కంట్రోల్ రూమ్) నుంచి, “టెక్కలి రిపోర్టర్ లైన్ కలవట్లేదు, కాసేపు లాగు” అంటారు. ఒకపక్క మాట్లాడుతూనే చెవిలోది వినాలి, మానిటర్ మీద ఏ విజువల్ వస్తోందో చూసుకోవాలి. చెప్పడానికి చేతిలో సమాచారం లేనప్పుడే గొంతు లేస్తుంది. “అల్లకల్లోలం”, “కకావికలం” అన్న మాటలన్నీ ఆ ఖాళీలోకే వచ్చి పడతాయి.

ఆ ఖాళీలో చెప్పదగ్గవి ఎన్నో ఉన్నాయి. రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలే తీసుకోండి. “తొమ్మిదో నంబర్ నుంచి పదికి పెంచారు, ముప్పు మరింత పెరిగింది” అని చదవడం మామూలైపోయింది. నిజానికి 8, 9, 10 మూడూ మహా ప్రమాద సూచికలే. తుపాను రేవుకి ఒక పక్కన దాటితే ఎనిమిది, రెండో పక్కన దాటితే తొమ్మిది, రేవు మీదుగానో దాని చేరువలోనో దాటితే పది. పదకొండు అంటే తుపాను ఇంకా పెద్దదైందని కాదు, హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

మా మావయ్య అడిగేది సరిగ్గా ఆ పక్క గురించే. తుపాను మా ఊరికి ఉత్తరాన తీరం దాటితే గాలి నేలమీంచి సముద్రంలోకి తోస్తుంది. దక్షిణాన దాటితే సముద్రమే ఊరిమీదికి వస్తుంది. బోటుని ఎంత పైకి లాగాలి, తాడు ఎటు కట్టాలి, ముసలివాళ్లని ఎప్పుడు కదిలించాలి అన్నవన్నీ ఆ ఒక్క ముక్కతో తేలతాయి. శ్రీకాకుళం జిల్లా తీరం 193 కిలోమీటర్లు. “శ్రీకాకుళం తీరానికి ముప్పు” అంటే అందులో ఎవరు ఏం చెయ్యాలి?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర, మాకు ఉత్తరాన, తీరం దాటింది. గాలి గంటకు 140 కిలోమీటర్ల పైమాటే. మా జిల్లా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరీ జీడీ నేలకూలాయి, కరెంటు పోయింది. తుపాను మీద పడినవాళ్ల ఇళ్లల్లో టీవీలు మూగబోయాయి. కాబట్టి వాళ్లకి చెప్పవలసింది ముందురోజే చెప్పి ఉండాలి. తెల్లారాక ఆ వార్తలు చూసేది వేటకోసం గుజరాత్‌లోని వేరావల్ వలసపోయిన కొడుకులు. ఫోన్ కలవక, మందస అన్నారా, సంతబొమ్మాళి అన్నారా, మా ఊరి పేరేమైనా వచ్చిందా అని అంత దూరంలో చెవులు రిక్కించేవాళ్లు.

ఆ తర్వాత నెల్లాళ్లు దాటాయో లేదో, వేరావల్ నుంచి వేటకెళ్లిన మన జాలర్లు పాకిస్తాన్‌కి పట్టుబడ్డారు. ఈసారి చెవులు రిక్కించింది ఊళ్లో ఉన్నవాళ్లు. 2020 జనవరిలో 20 మంది విడుదలై వాఘా సరిహద్దు దాటేదాకా జిల్లాలో ఆడవాళ్లు టీవీల్లో వెతుక్కున్నది పేర్లనే. అటువంటి జాబితా చేతికొచ్చినప్పుడు యాంకర్ పరుగెత్తకూడదు. “తదితరులు” అని తుంచెయ్యకూడదు. మా రేవుల్లో ఇంటిపేరూ పేరూ రెండూ కలిసినవాళ్లు వీధికి ఇద్దరుంటారు. తండ్రి పేరూ ఊరూ కలిపి చదవాలి. కాగితంలో అవి లేకపోతే, బులెటిన్‌కి ముందే డెస్క్‌ని అడిగి రాయించుకోవాలి.