ముందు తోడు, తర్వాతే లెవెల్

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్‌ను అందరూ సీటీసీ అనే అంటారు. కంప్యూటర్ విడిభాగాలకు జంట నగరాల్లో పేరున్న చోటు. పరీక్షలైపోయిన రోజుల్లో అక్కడి దుకాణాల ముందు తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది: "అన్నా, గేమింగ్‌కి ఏ గ్రాఫిక్స్ కార్డ్ మంచిది?" అడిగేది పిల్లలు, జేబు తడుముకునేది పక్కన నిలబడ్డ నాన్న. ఆన్‌లైన్ ఫాంటసీ ఆటల్లోకి కొత్తగా వెళ్లాలనుకునేవాళ్లకు నా మొదటి సలహా ఈ కార్డు గురించే. ఇప్పుడే కొనకండి. 'ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్' 2018 నుంచి ఫోన్‌లోనూ నడుస్తోంది. 'ఆల్బియన్ ఆన్‌లైన్' 2021లో ఫోన్లకు వచ్చింది. 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' 20వ లెవెల్ దాకా, 'ఫైనల్ ఫాంటసీ 14' 70వ లెవెల్ దాకా రూపాయి కట్టకుండా ఆడనిస్తాయి. ఆ లోకం మీకు పడుతుందో లేదో తెలిశాక కార్డు సంగతి చూసుకోవచ్చు.

ఇంట్లో పెద్దలకు ఈ ఆటలేమిటో చెప్పడం కష్టమేమీ కాదు. వేలమంది ఒకేసారి తిరిగే కల్పిత లోకం ఒకటి ఉంటుంది. అందులో మీరొక పాత్రను తయారు చేసుకుని, పేరు పెట్టి, చిన్న చిన్న పనులు చేస్తూ బలం పెంచుకుంటారు. రాక్షసులు, గుహలు, మంత్రదండాలు మనకు కొత్తవి కావు. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు కాశీకి తోడు కావాలంటే, పశువులు కాసుకునే గోపాలుడు మజిలీకో కథ చెబితేనే వస్తానన్నాడు. 1951లో వచ్చిన 'పాతాళ భైరవి'లో తోట రాముడు రాకుమారి కోసం సాహసానికి దిగితే పక్కన అంజి ఉన్నాడు. దూరప్రయాణం, సాధించాల్సిన వస్తువు, వెంట నడిచే మనిషి. ఈ ఆటలు నిలబడిందీ ఈ మూడింటి మీదే. నన్నడిగితే మూడోదే ఆటకు ప్రాణం. కొత్తవాళ్లు అన్నిటికన్నా ఆలస్యంగా గుర్తించేదీ దాన్నే.

ఆలస్యానికి కారణముంది. మన పిల్లల్లో చాలామంది పబ్జీ, ఫ్రీ ఫైర్ లాంటివి ఆడి ఇటు వస్తారు. అక్కడ చివరిదాకా బతికి ఉండటమే గెలుపు, కనిపించిన కొత్త మనిషి దాదాపు ఎప్పుడూ శత్రువే. ఇక్కడ కొత్త మనిషే మీ బలం. ఆ అలవాటు మారడానికి కొంత కాలం పడుతుంది.

ఈ ఆటల పుట్టుకలోనే సాంగత్యం ఉంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' తెచ్చారు. నలుగురూ బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, నోటితో కథ నడిపించుకునే ఆట అది. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాయ్ ట్రబ్‌షా అలాంటి లోకాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని మొదలుపెడితే, తోటి విద్యార్థి రిచర్డ్ బార్టిల్ దాన్ని ముందుకు తీసుకెళ్లాడు. ఒక్క బొమ్మ కూడా లేదు, అంతా అక్షరాలే. 1997లో 'అల్టిమా ఆన్‌లైన్', 1999లో 'ఎవర్‌క్వెస్ట్', 2004లో 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' ఆ దారినే వచ్చాయి. ఆటగాళ్లు నాలుగు రకాలని బార్టిలే తర్వాత రాశాడు: సాధించాలనుకునేవాళ్లు, మూలమూలలూ తిరిగి చూడాలనుకునేవాళ్లు, మనుషుల కోసం వచ్చేవాళ్లు, ఇతరుల మీద పైచేయి కోరేవాళ్లు. ఏ ఆట ఎంచుకోవాలో తేల్చుకునే ముందు మీరు ఇందులో ఎవరో ఆలోచించండి. తిరిగి చూడాలనుకునే మనిషి పోరాటాలే ప్రధానమైన ఆటలోకి వెళితే వారం తిరక్కుండానే విసుగెత్తిపోతుంది.

ఇక అసలు విద్య. చాలా ఆటల్లో గుహలోకి గుంపుగా వెళ్లాలి. దాన్ని డంజన్ అంటారు. 'ఫైనల్ ఫాంటసీ 14'లో నలుగురు, 'వార్‌క్రాఫ్ట్'లో ఐదుగురు. ఒకరు ట్యాంక్, అంటే దెబ్బలు కాచేవారు. ఒకరు హీలర్, గాయాలు మాన్పేవారు. మిగిలినవాళ్లు కొట్టేవాళ్లు, వాళ్లను డీపీఎస్ అంటారు. రాక్షసుడు ఎవరి మీదికి వెళ్లాలో ఆట ఊరికే నిర్ణయించదు. ప్రతి ఒక్కరి మీదా అతనికెంత కోపం ఉందో లోపల లెక్క నడుస్తూ ఉంటుంది. ఆటగాళ్లు దాన్నే ఆగ్రో అంటారు. కొట్టిన కొద్దీ అది పెరుగుతుంది, వైద్యం చేసినా పెరుగుతుంది. ఆ కోపాన్ని తనమీదికి లాక్కునే శక్తులు ట్యాంక్‌కు ప్రత్యేకంగా ఉంటాయి. అతను వాటిని వాడకముందే మీరు ఉత్సాహంతో పెద్ద మంత్రం వేశారనుకోండి, రాక్షసుడు తిన్నగా మీ దగ్గరికే వస్తాడు. పలచని వస్త్రాలు కట్టుకున్న మంత్రగాడికి రెండు దెబ్బలు చాలు. కాబట్టి ట్యాంక్ ముందు వెళ్లనివ్వండి, రెండు మూడు క్షణాలు ఆగండి, అతను కొడుతున్నదాన్నే మీరూ కొట్టండి. కొత్త ఆటగాడు ఈ మూడూ పాటిస్తే గుంపులో సగం కష్టం తీరిపోతుంది.

నేల మీద ఎర్రగానో నారింజ రంగులోనో గుర్తు పడితే అక్కడ దెబ్బ పడబోతోందని అర్థం. సగం చదివిన మంత్రాన్ని వదిలేసైనా పక్కకు జరగాలి. హీలర్‌కు మానా అనే శక్తి ఉంటుంది. అది మన బస్తీల్లో రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీళ్లలాంటిది, చూసుకుని వాడాలి. తప్పించుకోగలిగిన ప్రతి దెబ్బా ఆ నీళ్లలోంచే ఖర్చు. ఒక పోరు ముగిశాక హీలర్ ఆగితే మీరూ ఆగండి. పెట్టెలో దొరికిన కత్తి మీ పాత్రకు పనికిరానిదైతే దాన్ని అవసరమైనవాళ్లకు వదలండి. ఈ మర్యాదల్లో చాలావాటిని ఆట మీతో బలవంతంగా చేయించదు. పాతవాళ్లు కొత్తవాళ్లకు, వాళ్లు ఆ తర్వాత వచ్చినవాళ్లకు నేర్పుకుంటూ వచ్చిన పద్ధతి ఇది. అందుకే దీన్ని సంప్రదాయం అనడానికి నేను వెనకాడను.

హీలర్‌గా మొదలుపెట్టొద్దు, కష్టం అని చాలామంది చెబుతారు. నేనొప్పుకోను. హీలర్ కళ్లు అస్తమానం మిగతావాళ్ల మీదే ఉంటాయి. ఎవరెక్కడ నిలబడ్డారు, ఎవరికి తొందరెక్కువ, దెబ్బ ఎటునుంచి వస్తోంది అన్నీ నెలలోపే అర్థమవుతాయి. తర్వాత ఏ పాత్ర తీసుకున్నా ఆ చూపు పనికొస్తుంది.

చావు గురించి ఒక మాట. 'వార్‌క్రాఫ్ట్'లో గుంపు మొత్తం చచ్చినా పోయేది కాసేపటి సమయం, కవచం బాగుచేయించుకునే ఖర్చు. నవ్వుకుని మళ్లీ వెళతారు. 'ఆల్బియన్'లో ఎర్ర, నల్ల ప్రాంతాల్లో ఇంకో ఆటగాడు మిమ్మల్ని చంపితే ఒంటిమీద ఉన్నదంతా పోతుంది. పోయినా బాధలేనిదే వేసుకుని అక్కడికి వెళ్లాలి.

సికింద్రాబాద్‌లో కూర్చుని ఆడేవాళ్లకు సర్వర్ ఎంపిక ముఖ్యం. మీట నొక్కిన కబురు సర్వర్‌కు చేరి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని పింగ్ అంటారు. సర్వర్ దూరమైతే నేల మీద గుర్తు మీకు కనపడేసరికే దెబ్బ పడిపోయి ఉంటుంది. 'ఆల్బియన్' 2023లో ఆసియా సర్వర్ తెరిచింది, అలాంటిది ఉన్నప్పుడు యూరప్‌కు వెళ్లక్కర్లేదు. గడియారమూ చూసుకోవాలి. గిల్డ్ అంటే ఎప్పుడూ కలిసి ఆడే ఆటగాళ్ల సంఘం. అది లండన్‌లో రాత్రి 8 గంటలకు కూడితే మనకు అర్ధరాత్రి దాటుతుంది, పొద్దున కాలేజీ ఉన్నవాళ్లకు అది కుదరదు. సింగపూర్‌లో రాత్రి 8 అంటే మనకు సాయంత్రం 5:30. గిల్డ్ ఎంచుకునేటప్పుడు దాని గొప్పతనం కన్నా దాని వేళలు ముందు అడగండి.

డబ్బు విషయంలో తల్లిదండ్రుల భయం న్యాయమైనదే. ఆన్‌లైన్ ఆట అనగానే రమ్మీ గుర్తొస్తుంది. డబ్బు పందెం పెట్టే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025లో పార్లమెంటు కూడా చట్టం చేసింది. ఇక్కడ చెప్పుకుంటున్న ఆటల్లో డబ్బు పందెం లేదు, కట్టాల్సి వస్తే అది ఆడినందుకే. అయినా ఏం వస్తుందో తెలియకుండా డబ్బు పెట్టి తెరిచే పెట్టెలు కొన్ని ఫోన్ ఆటల్లో ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. మోసాలూ ఉన్నాయి. 'రూన్‌స్కేప్'లో ఒక పాత మోసం: నీ కవచానికి ఉచితంగా బంగారు అంచు వేసిస్తాను, ఒకసారి ఇటివ్వు అంటారు. ఇచ్చారో, అది మళ్లీ కంటికి కనపడదు. పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, రెండంచెల తాళం మొదటి రోజే పెట్టుకోండి.

ఇంత శ్రమ దేనికని అడిగేవాళ్లకు మాట్స్ స్టీన్ గురించి చెప్పాలి. నార్వే యువకుడు. కండరాలు క్షీణించే జబ్బుతో చక్రాల కుర్చీకి పరిమితమై, 'వార్‌క్రాఫ్ట్'లో ఇబెలిన్ అనే పేరుతో తిరిగేవాడు. 2014లో 25 ఏళ్లకే చనిపోయాడు. కొడుకు ఒంటరిగా బతికి వెళ్లిపోయాడనుకున్నారు తల్లిదండ్రులు. మరణవార్త బయటపెట్టాక అతని గిల్డ్ మిత్రుల నుంచి ఈమెయిళ్ల మీద ఈమెయిళ్లు వచ్చాయి. ఎవరి కష్టం విన్నాడు, ఎవరికి ధైర్యం చెప్పాడు అన్నీ రాశారు. కొందరు వేరే దేశాల నుంచి అంత్యక్రియలకు వచ్చారు. అతని మీద తీసిన డాక్యుమెంటరీ 2024లో విడుదలైంది. పిల్లలు ఈ ఆటలాడే ఇళ్లలో పెద్దలంతా దాన్ని చూడాలి.

'ఫైనల్ ఫాంటసీ 14'లో కొత్తవాళ్ల పేరు పక్కన చిన్న మొలక గుర్తు ఉంటుంది. గుహకు మొదటిసారి వచ్చినవాళ్లు గుంపులో ఉంటే మిగతావాళ్లకు అదనపు బహుమతి దొరుకుతుంది. మీరు కొత్త కావడం వాళ్లకు లాభమే. కాబట్టి రేపో మాపో మొదటి డంజన్‌లోకి అడుగుపెట్టినప్పుడు, కత్తి దూయకముందే చాట్‌లో "నాకిది మొదటిసారి" అని ఇంగ్లీషులో ఒక్క ముక్క టైప్ చేయండి. ఎవరైనా దారి చూపిస్తే, బయటికొచ్చాక థ్యాంక్స్ చెప్పి వాళ్లను మీ స్నేహితుల జాబితాలో చేర్చుకోండి.