ఎందుకని అడగని కథ కోసం

ఐర్లండ్ గురించి మాట్లాడుకునేటప్పుడు మనకొక సౌకర్యం ఉంది. అది కాథలిక్ దేశం, అక్కడ చర్చిదే పెత్తనం, అందుకే సవితా హలప్పనవర్ చనిపోయింది అనేసి ఊరుకోవచ్చు. బెళగావి నుంచి వెళ్లిన 31 ఏళ్ల డెంటిస్టు ఆమె. 2012 అక్టోబరులో గాల్వే ఆస్పత్రిలో చేరేనాటికి 17వ వారం. గర్భం నిలవదని డాక్టర్లకూ తెలుసు. తీసేయమని ఆమె అడిగింది. పిండం గుండె కొట్టుకుంటున్నంతసేపూ కుదరదన్నారు. ఇది కాథలిక్ దేశం అని ఒక మిడ్‌వైఫ్ చెప్పిన మాట తర్వాత విచారణలో బయటికొచ్చింది. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి అక్టోబరు 28న ఆమె చనిపోయింది. 1983లో ఆ దేశ రాజ్యాంగంలో చేర్చిన ఎనిమిదో సవరణ తల్లి ప్రాణాన్నీ పిండం ప్రాణాన్నీ ఒకే తక్కెడలో పెట్టింది. 2018 మే 25న జరిగిన రెఫరెండంలో 66.4 శాతం మంది దాన్ని తీసేయమని ఓటేశారు.

మతం ఏదైనా, దేశం ఏదైనా గర్భస్రావం చట్టబద్ధం కావాలా అంటే నా జవాబు అవుననే. అందులో నాకు సందేహం లేదు. నా సందేహమంతా మన ధీమా గురించే. మనకు 1971లోనే చట్టం వచ్చిందిగా, ఇక మనకేం అనే ధీమా.

ఆ చట్టం ఏమంటుందో ఒకసారి చూడండి. 1860 నాటి శిక్షాస్మృతి గర్భస్రావాన్ని నేరమంది. స్వయంగా చేసుకున్న స్త్రీని కూడా వదల్లేదు. 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ 88వ సెక్షన్‌గా ఆ నేరం అలాగే ఉంది. 1971 చట్టం ఈ నేరాన్ని రద్దు చేయలేదు, మినహాయింపులు ఇచ్చింది. ఆ మినహాయింపు స్త్రీ కోరితే రాదు, ఫలానా కారణం ఉందని డాక్టరు నమ్మితే వస్తుంది. 2021 సవరణ కొన్ని వర్గాల స్త్రీలకు గడువును 24 వారాలకు పెంచింది. 'భర్త' అన్నచోట 'భాగస్వామి' అని రాసింది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు పెళ్లికాని స్త్రీలకూ అదే గడువు వర్తిస్తుందని చెప్పింది. కుటుంబసభ్యుల అనుమతి తెమ్మని డాక్టర్లు అడగరాదని కూడా చెప్పింది. మంచి తీర్పే. కానీ ఏడాది దాటగానే 2023 అక్టోబరులో, ఇద్దరు పిల్లలుండి, కాన్పు తర్వాత వచ్చిన మానసిక వ్యాధితో బాధపడుతున్న ఒక వివాహిత 26వ వారంలో నాకొద్దంటే అదే కోర్టు ఒప్పుకోలేదు. ఐర్లండులో ఇప్పుడు మొదటి 12 వారాల్లో స్త్రీ కారణం చెప్పనక్కరలేదు. మనకు మొదటి వారం నుంచీ కారణం కావాలి.

నందికొట్కూరు చుట్టుపక్కల పల్లెల్లో చర్చికి పోయే ఆడవాళ్లనూ, దర్గాకు పోయే ఆడవాళ్లనూ, ఊరమ్మకు మొక్కుకునే ఆడవాళ్లనూ ఈ విషయంలో కలిపేది ఒకటే ప్రశ్న. ఎందుకు? మా వీధిలో కూలికి పోయే ఒకామెతో కలిసి కర్నూలులో ఒక ఆస్పత్రికి వెళ్లాను. అక్కడ మొదట అడిగింది అదే. రెండోది, మీ ఆయన సంతకమేదీ అని. "ఆయప్ప గుంటూరు తట్టు మిరపకాయల కోతకు పోయినాడు. నాకు వద్దు మేడమ్. ఇద్దరుండారు, సాలు" అందామె. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలని చట్టంలోనే ఉంది. ఆ మాట నేను చెబితే, చట్టం మాకు తెలుసు, ఆయన్ని పిలిపించండి అన్నారు. వారం తర్వాత ఆమె మందుల షాపులో మాత్రలు కొనుక్కుంది. ఇది ఆమె ఒక్కతె సంగతి కాదు. 2015లో దేశంలో కోటీ 56 లక్షల గర్భస్రావాలు జరిగాయనీ, వాటిలో 73 శాతం ఆస్పత్రుల బయట మాత్రలతోనే అయ్యాయనీ లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. చట్టం ఉన్న దేశంలో ఆడవాళ్లు చట్టం పక్కనుంచి నడిచిపోతున్నారు.

మరి సాహిత్యం? అది ఆమెను ఏమడిగింది? వీరేశలింగం కాలపు సంస్కర్తలు వితంతు వివాహం కోసం వాదిస్తూ రహస్య గర్భస్రావాల గురించి మాట్లాడారు. అక్కడ ఆమె శరీరం పెళ్లి అవసరానికి సాక్ష్యం. 1927 నాటి 'మైదానం'లో రాజేశ్వరి భర్తనూ, కులాన్నీ, మతాన్నీ దాటుకుని వస్తుంది. తీరా కడుపొస్తే అమీర్‌కి బిడ్డ వద్దు. చలాన్ని కోరిక కోసం చదివినంతగా మనం ఈ ఘట్టం కోసం చదవలేదు. ఇల్లు వదిలొచ్చినా కడుపు మీద తీర్పు మగవాడిదే. అక్కడ గర్భస్రావం ఆమె స్వేచ్ఛ కాదు, అతని షరతు. 'తీయించుకో' అనేదానికీ 'తీయించుకుంటాను' అనేదానికీ మధ్య ఉన్న దూరమే మన చర్చంతా.

స్త్రీవాద కవిత్వం ఈ మౌనాన్ని బద్దలు కొట్టింది. 'నీలిమేఘాలు' తరం కవయిత్రులు ప్రసవాన్నీ, గర్భస్రావాన్నీ కవితా వస్తువులుగా నిలబెట్టారు. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' రాకముందు ఆ గదుల తలుపులు కవిత్వానికి మూసే ఉన్నాయి. ఆ రుణం తక్కువది కాదు. కానీ రజని పెట్టిన పేరులోని రెండో మాట దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. స్టేట్‌మెంట్ ఇచ్చేది ఎక్కడ? పోలీస్ స్టేషన్లో, కోర్టులో. కారణం చూపాల్సిన స్థితిలోకి స్త్రీని ఎవరు నెట్టారో ఆ ఒక్క మాట చెబుతుంది. తర్వాతి కథలు చాలావరకు ఆ స్థితిలోనే ఉండిపోయాయి. నేను చదివిన కథల్లో గర్భస్రావం వెనక అత్యాచారం, మోసం, ఆడపిల్ల అని అత్త చేసిన బలవంతం, తిండి లేకపోవడం ఉన్నాయి. అన్నీ నిజాలే. ఊరికే వద్దనుకున్న స్త్రీ మాత్రం నాకు ఎదురు పడలేదు.

దీనికి మన భాష కూడా కొంత కారణం. 'గర్భస్రావం'లో కర్త లేదు. దానంతటది జరిగినా, కావాలని చేయించుకున్నా అదే మాట. 'భ్రూణహత్య'లో కర్త ఉంది, కానీ హంతకురాలు. ధర్మశాస్త్రాలు పాపాల జాబితాలో పెట్టిన ఆ మాటను ఆడపిల్లల్ని కాపాడాలనే మన పోస్టర్లు కూడా ఆలోచించకుండా తెచ్చుకున్నాయి. మా తట్టు ఆడవాళ్లకు రెండు మాటలున్నాయి. కడుపు పోయింది. కడుపు తీపిచ్చుకునింది. ఎవరు నిర్ణయించారో ఆ క్రియలోనే ఉంది. వాళ్లకున్న ఈ తేడా చదువుకున్న మన భాషలో లేకుండా పోయింది.

కారణం అడగకపోతే ఆడపిండాల గతేమిటి అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. 1994 చట్టం నిషేధించింది లింగ నిర్ధారణను. దాని పని స్కానింగ్ మిషన్ దగ్గర. అక్కడ చేయని కాపలా ఆపరేషన్ బల్ల మీదున్న స్త్రీ దగ్గర చేస్తున్నాం. అత్త బలవంతం మీద తీయించుకున్నది ఆమె నిర్ణయం కాదు. కారణం చెప్పమంటే, పక్కన అత్త ఉండగా ఆమె నిజం చెబుతుందా?

కాబట్టి స్త్రీవాద విమర్శకులుగా మన ముందు ఒక చిన్న పనుంది. ఎప్పుడో ఒక రచయిత్రి 'నాకు వద్దు' అని మాత్రమే చెప్పే పాత్రను రాస్తుంది. ఆ పాత్ర ఏడవదు, పశ్చాత్తాపపడదు, మరుసటిరోజు పనికి పోతుంది. ఆ కథ మన చేతికొచ్చినప్పుడు, పాత్ర నిర్ణయానికి తగిన కారణం చూపలేదు, కథ బలహీనంగా ఉంది అని మనం రాయకూడదు. ఆ వాక్యం రాసిన క్షణం మనమూ సంతకం తెమ్మని అడిగే బల్లకు అవతల కూర్చున్నట్టే.