ఒక చుట్టు వీరులకు రెండో చుట్టు లొంగుతుందా?

1976 జూలై 25, మాంట్రియల్ ఒలింపిక్స్. 800 మీటర్ల ఫైనల్లో చివరి ల్యాప్ గంట మోగేసరికి అందరికన్నా ముందున్నవాడు మన శ్రీరామ్ సింగ్. మొదటి ల్యాప్ 50.85 సెకన్లు. అతని భుజాన్ని ఆనుకున్నట్టే వస్తున్నాడు ఆరడుగుల మూడంగుళాల క్యూబా ఆజానుబాహుడు అల్బెర్టో హువాంటోరెనా. అంతవరకూ లోకం అతన్ని 400 మీటర్ల మనిషిగానే ఎరుగును. రెండో ల్యాప్‌లో కాళ్లు సీసంలా బరువెక్కుతాయనే అందరూ అనుకున్నారు. అమెరికా ఆటగాడు రిక్ వోల్హూటర్ పక్కకొచ్చి దాటబోతే దారివ్వలేదు. అడుగు కుదించలేదు, భుజం బిగించలేదు. 1:43.50తో ప్రపంచ రికార్డు! నాలుగు రోజులకే 400 మీటర్లు కూడా 44.26లో గెలిచేశాడు. ఒకే ఒలింపిక్స్‌లో ఈ రెండు స్వర్ణాలూ గెలిచిన మగవాడు ఆనాటికీ ఈనాటికీ అతనొక్కడే.

శ్రీరామ్ సింగ్ ఆ రేసులో ఏడోవాడు. అయితేనేం, 1:45.77తో ఆసియా రికార్డు రాశాడు. అదే జాతీయ రికార్డుగా 42 ఏళ్లు నిలబడింది. 2018లో గువాహటిలో జిన్సన్ జాన్సన్ వచ్చి 1:45.65 పరుగెత్తేదాకా దాన్ని కదిలించినవాడు లేడు. ఇందులో తెలుసుకోవలసింది ఒకటుంది. సైన్యంలో చేరిన కొత్తలో శ్రీరామ్ కూడా 400 మీటర్లవాడే. కోచ్ ఇలియాస్ బాబర్ అతని కాళ్లను చూసి, ఊపిరిని చూసి, రెండు ల్యాపుల మీదికి మళ్లించాడు. ఆ ఫైనల్లో గంట మోగిన క్షణాన ముందున్న ఇద్దరూ ఒక చుట్టు పరుగులో పుట్టి పెరిగినవాళ్లేనన్నమాట.

ఒక చుట్టు వీరులు మధ్యదూరంలో నెగ్గగలరా అనే ప్రశ్న మళ్లీ వేడెక్కడానికి కారణం ఫెమ్కె బోల్. 2023లోనూ 2025లోనూ 400 మీటర్ల హర్డిల్స్ ప్రపంచ చాంపియన్ అయిన ఈ నెదర్లాండ్స్ అమ్మాయి, హర్డిల్స్ వదిలి 800కు వెళ్తున్నానని 2025 అక్టోబరులో ప్రకటించింది. పందెం చేతిలో ఉన్న వయసులో, ఒంట్లో ఏ లోటూ లేని దశలో అంత మాట అనడానికి గుండె కావాలి. నెగ్గగలదని నా గట్టి నమ్మకం.

ఎందుకో చెప్పాలంటే ముందు ఈ పరుగు లోపల ఏం జరుగుతుందో చూడాలి. 400 మీటర్ల పరుగులో ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో నలభై శాతం పైచిలుకే ప్రాణవాయువు సాయంతో వస్తుంది. మిగతాదంతా కండరంలో దాచుకున్న నిల్వ. 800కు వచ్చేసరికి లెక్క తిరగబడి, దాదాపు మూడింట రెండు వంతులు ఊపిరి మీదే ఆధారం. 1500కు వెళ్తే ఎనభై శాతం దాటుతుంది. కాబట్టి 400 నుంచి 800 ఒక మెట్టు, 1500 ఏకంగా మిద్దె. ఒక చుట్టు వీరుడు 1500లో రాణిస్తాడని ఎవరన్నా నేను నమ్మను. 800 సంగతి వేరు.

800లో మగవాళ్ల మొదటి ల్యాప్ పెద్ద పోటీల్లో సుమారు 50 సెకన్లకు పడుతుంది. 400ను 46.5 సెకన్లలో పరుగెత్తేవాడికి 50 అంటే మూడున్నర సెకన్ల వెసులుబాటే. 44.5 సెకన్లవాడికి ఐదున్నర. ట్రాక్ భాషలో దీన్ని స్పీడ్ రిజర్వ్ అంటారు. ఎంత వెసులుబాటు ఉంటే మొదటి ల్యాప్ అంత తేలిగ్గా సాగుతుంది, అంత తక్కువ ఖర్చుతో గంట దగ్గరకు చేరతాం. బోల్ పేర 400 మీటర్ల ఇండోర్ ప్రపంచ రికార్డు ఉంది: 49.24. ఆడవాళ్ల 800లో మొదటి ల్యాప్ 57 సెకన్ల చుట్టుపక్కల ఉంటుంది. ఏడు సెకన్ల పైన మిగులు! ఈ మిగులు మామూలు మధ్యదూర పరుగుగత్తెలకు కలలో కూడా దొరకదు.

అయితే మిగులు ఒక్కటే గెలిపించదు. మైకేల్ జాన్సన్ 400ను 43.18లో పరుగెత్తాడు, వేడ్ వాన్ నీకెర్క్ 43.03 పరుగెత్తాడు, వాళ్లను 800లో నిలబెట్టి పతకం ఖాయమనే ధైర్యం నాకు లేదు. ఒక చుట్టు వీరుల్లో రెండు జాతులున్నాయి. 200 నుంచి పైకొచ్చి వేగంతోనే నెట్టుకొచ్చేవాళ్లు ఒకరు. ఆఖరి వంద మీటర్లలో మిగతా అందరూ కుంగిపోతుంటే తాము మాత్రం కుంగనివాళ్లు ఇంకొకరు. రెండో రకమే 800కు పనికొస్తారు. మరి ఆ రకాన్ని కనిపెట్టడమెలా? 550 నుంచి 650 మీటర్ల మధ్య కళ్లు పెట్టి చూడండి. నడుము కిందికి దిగుతుంది, గడ్డం పైకి లేస్తుంది, చేతులు పక్కలకు ఊగుతాయి, పాదం నేల మీద అరక్షణం ఎక్కువ నిలుస్తుంది. ఆ వంద మీటర్లలో నడుము దిగనివాడే మొనగాడు. హువాంటోరెనాకు దిగలేదు.

ఇక్కడే హర్డిలర్ మీద నా పక్షపాతం దాచుకోను. 400 హర్డిల్స్‌లో మొదటి కంచెకు 45 మీటర్లు, కంచెకూ కంచెకూ 35 మీటర్లు, చివరి కంచె దాటాక 40 మీటర్లు. మొత్తం పది కంచెలు. అమెరికా హర్డిలర్ ఎడ్విన్ మోజెస్ ఈ 35 మీటర్లను మొదటినుంచి చివరిదాకా పదమూడు అంగల్లోనే దాటేవాడు. ఊపిరాడని అలసటలోనూ అడుగు కొలత తప్పకూడదు. తప్పితే కంచె తగులుతుంది. 1977 నుంచి 1987 దాకా వరసగా 122 రేసుల్లో అతణ్ని ఓడించినవాడు లేడంటే ఆ లయ ఎంత గట్టిదో ఊహించుకోండి. ఉగాండా వీరుడు జాన్ అకీ బువా బరువుల జాకెట్ తొడుక్కుని కంచెలు దాటుతూ సాధన చేసి, 1972 మ్యూనిక్‌లో అందరూ దురదృష్టమనుకునే ఒకటో లేన్‌లోంచి 47.82తో ప్రపంచ రికార్డు కొట్టాడు. అలసిపోయిన తర్వాత కూడా లెక్క తప్పని కాళ్లు వీళ్లవి. 800కు కావలసిన సరుకు సరిగ్గా ఇదే.

ఒప్పుకోవలసిన సంగతి ఒకటుంది. 400 హర్డిల్స్‌లోనూ 800లోనూ ఒలింపిక్ స్వర్ణాలు గెలిచినవారు ఇంతవరకూ ఒక్కరూ లేరు. హర్డిలర్ జీవితమంతా తన లేన్‌లో తానే పరుగెత్తుతాడు. 800లో మొదటి వంపు దాటగానే లేన్లు కలిసిపోతాయి. ఇక మోచేతులు, స్పైక్స్ గీరుకోవడం, లోపల ఇరుక్కుపోవడం, ఎప్పుడు బయటికి రావాలో తెలియకపోవడం. ఈ విద్య రేసుల్లో దెబ్బలు తిని నేర్చుకోవలసిందే. రెండు చలికాలాలు ఓపిగ్గా దూరాలు పరుగెత్తి, చిన్నాచితకా పోటీల్లో ఓడిపోవడానికి సిద్ధపడితే తప్ప రాదు.

చరిత్ర మాత్రం నా వైపే ఉంది. జర్మనీ వీరుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో నెల తిరక్కుండానే 800లో 1:46.6, 400లో 46.0 పరుగెత్తి రెండు ప్రపంచ రికార్డులూ పట్టాడు. 800 రికార్డు పదహారేళ్లు చెక్కుచెదరలేదు. 1948 లండన్‌లో జమైకా పొడగరి ఆర్థర్ వింట్ 400 స్వర్ణం, 800 రజతం తెచ్చాడు. ఆ 800లో అతన్ని ఓడించిన మాల్ విట్‌ఫీల్డ్ కూడా 400లో కాంస్యం గెలిచినవాడే. 1964 టోక్యోలో బ్రిటన్ అమ్మాయి ఆన్ పాకర్ 400లో రజతం గెలిచి, అంతకుముందు కొద్దిసార్లే పరుగెత్తిన 800లో ప్రపంచ రికార్డుతో స్వర్ణం ఎగరేసుకుపోయింది. క్యూబా ఆణిముత్యం ఆనా ఫిదేలియా కిరో 400ను 49.61లో పరుగెత్తగల కాళ్లతో 800లో రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయింది. చెకొస్లొవేకియా క్రీడాకారిణి యార్మిలా క్రటొఖ్విలోవా 1983లో రెండింటిలోనూ ప్రపంచ చాంపియన్. ఆ ఏడాది ఆమె 800లో పరుగెత్తిన 1:53.28 రికార్డుగా అలాగే ఉంది. ఆ కాలపు తూర్పు యూరప్ రికార్డుల మీద అనుమానాలున్నాయి, ఆమె వాటిని ఖండిస్తూనే వచ్చింది. నేను ఆ పేరు మీద వాదం నిలబెట్టను, నాకు మిగతావాళ్లు చాలు. కెన్యా 800 వీరుడు డేవిడ్ రుడిషా 2012 లండన్‌లో పేస్‌మేకర్ లేకుండా మొదటి ల్యాప్ 49.28లో లాగి 1:40.91కి ముగించాడు. అతని తండ్రి 1968 మెక్సికోలో 4x400 రిలే రజత విజేత. రక్తంలోనే ఒక చుట్టు ఉంది!

మన దగ్గరా కొదవేం లేదు. సిడ్నీ ఒలింపిక్స్‌లో 400 సెమీఫైనల్ చేరిన కె.ఎం. బీనామోల్ 2002 బుసాన్ ఆసియా క్రీడల్లో 400 రజతం, 800 స్వర్ణం, రిలే స్వర్ణం గెలిచింది. తమ్ముడు బిను అక్కడే 800 రజతం తీసుకుని, 2004 ఏథెన్స్‌లో 400ను 45.48లో పరుగెత్తి జాతీయ రికార్డు పెట్టాడు. ఒకే ఇంట్లో రెండు దిక్కులా దారి వేశారు. 1984 ఒలింపిక్స్‌లో సెకనులో నూరో వంతు తేడాతో 400 హర్డిల్స్ కాంస్యం పోగొట్టుకున్న పి.టి. ఉష చేతుల్లో తయారైన టింటూ లూకా, 800లో 1:59.17 పరుగెత్తింది. హర్డిలర్ చేతి చలవ అది.

ఇంత సొత్తు ఉండి మనం చేస్తున్నదేమిటి? 400లో టైమ్ రాని పిల్లల్ని పట్టుకుని "నువ్వు 800కు పో" అనడం. మేలైన 400 మీటర్ల రన్నర్‌ని మాత్రం రిలే జట్టు కోసం కదలనివ్వరు. 800ను మిగిలిపోయినవాళ్ల పరుగుగా మార్చారు. ఇంతకన్నా అవమానం ఆ పరుగుకు ఇంకోటి లేదు. హువాంటోరెనాను వీడియోలో చూసి మొదటి ల్యాప్ గుడ్డిగా దూకి, 600 దగ్గర నడిచే పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పునాది లేకుండా పైమెరుగు అనుకరించమని నేర్పినవాళ్లది ఆ తప్పు, పిల్లలది కాదు.

అంతర్జాతీయ పోటీలు నడిపే పైవాళ్లూ తక్కువ తినలేదు. 2025లో మొదలైన గ్రాండ్ స్లామ్ ట్రాక్ పోటీల్లో 400ను 200తో జతకట్టారు, 400 హర్డిల్స్‌ను 400తో, 800ను 1500తో. 400కూ 800కూ నడుమ గోడ కట్టేశారు. 50.37తో హర్డిల్స్ ప్రపంచ రికార్డు, 47.78తో 400 ప్రపంచ చాంపియన్ కిరీటం ఉన్న సిడ్నీ మెక్‌లాఫ్లిన్ లెవ్రోన్‌ను రెండు ల్యాపుల్లో చూసే భాగ్యం ప్రేక్షకుడికి ఎవరు కల్పిస్తారు? ఒక సీజన్‌లో రెండు 800లు పెట్టి తగిన డబ్బు ఇస్తే రాదా?

మన తెలుగు కోచ్‌లకు ఒక విన్నపం. 2004 ఏథెన్స్ రిలే జట్టులో సత్తి గీత, 2024 పారిస్ రిలే జట్టులో దండి జ్యోతికశ్రీ మన నేల మీద పుట్టిన ఒక చుట్టు వీరులు. ఆ బాటలో వస్తున్న పిల్లలకు జిల్లా పోటీల సీజన్ మొదలయ్యేలోపు ఒక్కసారి 600 మీటర్ల పరుగు పెట్టండి. టైమ్ రాసుకోండి, ఆఖరి వంద మీటర్లలో నడుము చూడండి. నడుము దిగని పిల్ల కనిపిస్తే రిలే కోసం దాచుకోకుండా రెండేళ్లు 800 నేర్పించండి.