రెండు టీబీ ఎవరికి?

మా బంధువర్గంలో ఎవరి ఫోన్‌లో స్టోరేజ్ నిండినా కబురు నాకే వస్తుంది. ఏ ప్లాన్ కొనమంటావని అడుగుతారు. ముందు ఏం నిండిందో చూద్దామంటాను. ఈ మాట చాలామందికి రుచించదు, డబ్బు కడితే తీరిపోయేదానికి ఇంత విచారణ ఎందుకని.

గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడింటికీ కలిపి. కాస్త కుదించిన ఫొటోలు ఎన్ని దాచుకున్నా లెక్కలోకి రాని రోజులు 2021 జూన్ 1తో అయిపోయాయి. తీసే అలవాటు మాత్రం ఆ రోజుల్లోనే ఉండిపోయింది. అయినా నేను ఫొటోల జోలికి పోను. ఒక్కోటి 3 ఎంబీ అనుకున్నా 100 జీబీలో ముప్పై వేలకు పైగా పడతాయి.

మింగేది వీడియో. 4కెలో తీస్తే ఫోన్‌ను బట్టి నిమిషానికి 170 నుంచి 400 ఎంబీ. పది నిమిషాల అన్నప్రాసన అంటే సుమారు రెండు నుంచి నాలుగు జీబీ! తీరా దాన్ని చూసేది అరచేతిలో. కెమెరా సెట్టింగ్స్‌లో 1080పీకి మారిస్తే సుమారు మూడో వంతుకు దిగుతుంది.

ఆ తర్వాత వాట్సాప్. ఆండ్రాయిడ్‌లో దాని బ్యాకప్ ఇదివరకు లెక్కలోకి వచ్చేది కాదు, 2024లో అదీ గూగుల్ కోటాలో చేరింది. మా పెద్దమ్మ ఖాతాలో పెద్ద భాగం అదే. బ్యాకప్‌లో వీడియోలు కలపొద్దని సెట్ చేస్తుంటే, "దేవుడి వీడియోలు తీసేస్తే పాపం కదరా" అంది. "ఫోన్‌లో ఉంటాయి పెద్దమ్మా, పైకి పంపడం లేదంతే" అన్నాక గానీ ఫోన్ వదల్లేదు.

ఇవన్నీ సర్దుకున్నాక, నలుగురున్న ఇంటికి 200 జీబీ కొన్నేళ్లు సరిపోతుందని నా లెక్క. గూగుల్ వన్ అయినా ఐక్లౌడ్ ప్లస్ అయినా ఒక ప్లాన్‌ను మరో ఐదుగురితో పంచుకోవచ్చు. ఒకరి ఫొటోలు మరొకరికి కనబడవు, అత్తాకోడళ్లు నిశ్చింతగా ఉండొచ్చు. అయితే గూగుల్ ఫ్యామిలీ గ్రూపులో అందరూ ఒకే దేశంలో ఉండాలి. డాలస్‌లో ఉన్న కొడుకు వేరుగా కొనుక్కోవాల్సిందే.

ఫోన్ ఖాళీ చేద్దామని గూగుల్ ఫొటోస్‌లో డిలీట్ కొట్టేవాళ్లను చూస్తే నాకు గుండె దడ. అక్కడ కొడితే క్లౌడ్‌లోనూ పోతుంది, బిన్‌లో 60 రోజులే ఉంటుంది. ఫోన్‌లో జాగా చేసుకోవడానికి 'ఫ్రీ అప్ స్పేస్' అని వేరే ఉంది.

ఇక 2 టీబీ వాదనంతా పెళ్లి వీడియో దగ్గరే మొదలవుతుంది. వీడియోగ్రాఫర్ ఇచ్చిన వందల జీబీల ఫుటేజ్‌ను ఏడాదికోసారి చూస్తే గొప్ప. దానికోసం నెలనెలా అద్దె కట్టడం నాకు మింగుడు పడదు. రెండు హార్డ్ డిస్కులు కొనిపిస్తాను. ఒకటి పుట్టింట్లో, ఒకటి అత్తారింట్లో. ఏడాదికోసారి కంప్యూటర్‌కు తగిలించి, ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడమంటాను. మా అక్క కూతురు సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ పని చూసుకుంటోంది.