చింతపండు తగలని చిలుము

కోరుట్లలో మా అమ్మమ్మ వాళ్లింట్లో దేవుడి అరలో ఓ రాగిపైసా ఉండేది. నిజాం కాలం నాటిది, ముదురు కాఫీరంగు. ఒక దీపావళికి ఇత్తడి సామాను తోముతుంటే నేను దాన్నీ తీసి చింతపండు, ఉప్పు పెట్టి రుద్దాను. తళతళలాడింది. ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు. చాలా ఏళ్ల తర్వాత నాణేలు చూడటంలో తలపండిన ఒక పెద్దాయనకు చూపిస్తే, చేతిలోకైనా తీసుకోకుండా అన్నాడు: "తోలు ఒలిచినవు గద బిడ్డా!"

ఆ తోలు పేరు చిలుము. రాగి గాలితో, తేమతో, మట్టితో కలిసి ఏళ్ల తరబడి కట్టుకున్న పలుచని పొర అది. అడుగున ఇటుకరంగు, పైన గోధుమ, నలుపు, ముదురాకుపచ్చ. రాజు పేరు, ఏనుగు తొండం, చెట్టు కొమ్మ లాంటి సన్నని గీతలు చాలా పాత నాణేల మీద లోహంలో కన్నా ఈ పొరలోనే ఎక్కువ మిగిలి ఉంటాయి. చింతపండు పులుపు పొరను కరిగిస్తుంది, దానితోపాటు గీతలూ పోతాయి. ఇక ఉప్పు చేసే చేటు వేరు, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఈ సంగతి మా ప్రాంతం వాళ్లకు మరింత బాగా తెలియాలి. జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలంలో పెద్దవాగు గోదావరిలో కలిసే చోట కోటిలింగాల ఉంది. ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ అక్కడ దొరికిన నాణేలను ఓపికగా పోగుచేశారు. శాసన పండితుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటి మీది బ్రాహ్మీ అక్షరాలను చదివితే గోబద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప అనే రాజుల పేర్లు బయటపడ్డాయి. పురాణాలు సాతవాహన వంశానికి మూలపురుషుడని చెప్పే చిముకుడి నాణేలూ దొరికాయి. అప్పటిదాకా ఆయన పేరు కనిపించింది మహారాష్ట్రలోని నానేఘాట్ గుహలో చెక్కిన బొమ్మ పైన. ఆ తర్వాత వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో పురావస్తు శాఖ ఇక్కడ తవ్వకాలు జరిపింది. సాతవాహనుల పుట్టిల్లు ఎక్కడన్న వాదన ఇప్పటికీ తెగలేదు గానీ, ఆ వాదనలో కోటిలింగాలకు చోటు దక్కింది వేలిగోరంత బిళ్లల మీద మిగిలిన నాలుగైదు అక్షరాల వల్లే. నరహరి శర్మ కన్నా ముందు ఎవరో వాటిని శుభ్రంగా తోమి ఉంటే?

నాణేన్ని చూసేవాడు మొదట తేల్చుకోవాల్సింది అది అరిగిందా, లేక అచ్చే సరిగ్గా పడలేదా అన్నది. కొత్తవాళ్లంతా తప్పు చేసేది ఇక్కడే. చేతులు మారి అరిగిన నాణెంలో ముందు పోయేవి ఎత్తు భాగాలు. ఏనుగు కుంభస్థలం, వీపు నున్నబడి చదునవుతాయి, పక్కనున్న పల్లం మాత్రం స్పష్టంగా ఉంటుంది. అచ్చు పడనిది అలా ఉండదు. బొమ్మ లేని చోట బిళ్ల పుట్టుగరుకు అలాగే కనిపిస్తుంది. తిప్పి చూస్తే అవతలి వైపు సరిగ్గా అదే చోట ఉజ్జయిని గుర్తు (అడ్డం, నిలువు గీతల నాలుగు కొసలా సున్నాలుండే బొమ్మ) కూడా మసగ్గా ఉంటుంది. సుత్తి దెబ్బ పక్కకు పడిందన్నమాట. పైగా ఆ రోజుల్లో అచ్చు ఒక కొలత, బిళ్ల ఇంకో కొలత. పేరులో సగం అంచు దాటి గాల్లో కలిసిపోవడం మామూలే. అది టంకశాలలో జరిగిన లోపం, అరుగుదల లెక్కలో వేయకూడదు.

మట్టి తిన్నది మూడో రకం. ఉపరితలమంతా ఇసుక చల్లినట్టు గుంటలు పడుతుంది. దీన్ని నెత్తిమీది బల్బు కింద చూస్తే లాభం లేదు. పొద్దుటి ఏటవాలు ఎండలో, పదింతలు చూపే భూతద్దంతో, నాణేన్ని మెల్లగా తిప్పుతూ చూడాలి. బ్రాహ్మీలో 'గ' అంటే ఇంటి పైకప్పులా రెండు వాలు గీతలు. దాని కొసన నిలువుగా ఒక గీటు పడిందా, అది 'త'లా కనబడుతుంది. ఆ గీటు చిలుము కింద ఉంటే అచ్చుది, చిలుమును చీల్చుకుని ఉంటే తర్వాత పడ్డది. పొర ఒలిచేస్తే ఈ తేడా చెప్పడానికి ఆధారమే ఉండదు.

సిరిసిల్లలో బట్ట కొనేవాళ్లు ముందు గంజి చూస్తారు. గంజి దట్టిస్తే పలుచని నేత కూడా ఒత్తుగా అనిపిస్తుంది. వేళ్ల మధ్య నలిపితే అసలు బండారం బయటపడుతుంది. నాణేల బజారులో గంజి పని నూనె, మైనం, రంగు చేస్తాయి. పల్లాల్లోనూ మిట్టల మీదా ఒకే పచ్చదనం సమానంగా పూసినట్టుంటే అనుమానించాలి. అంచు చుట్టూ అతుకు గీత, ఒకే గుంటలున్న రెండు కవల నాణేలు కనిపిస్తే అవి పోతపోసిన నకళ్లే కావచ్చు. అయితే మన దేశంలో పూర్వం పోత నాణేలు నిజంగానే ఉండేవి కాబట్టి, గాలిబుడగ కనిపించగానే దొంగదని తీర్పు చెప్పేయకూడదు.

గ్రేడ్ల పేర్లు నాకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తాయి. 'గుడ్' అంటే బాగా అరిగిపోయిందని! దానిపైన వెరీ గుడ్, ఫైన్, వెరీ ఫైన్. అమెరికాలో విలియం షెల్డన్ 1949లో పాత పెద్ద రాగి సెంట్ల కోసం 1 నుంచి 70 దాకా అంకెలు పెట్టాడు. అడుగు మెట్టు నాణేనికి ఎంత ధరో, పై మెట్టు దానికి దాదాపు 70 రెట్లని ఆయన లెక్క. యంత్రం మీద ఒకే తీరుగా అచ్చయ్యే నాణేలకు ఆ కొలత నప్పుతుంది. కోటిలింగాల నాణేనికి దాన్ని తగిలిస్తే అన్యాయమే. చక్కని ఏనుగు ఉండి పేరు అంచు దాటిపోయిన నాణెం కన్నా, ఏనుగు చెదిరినా 'గోబదస' అని చదవగలిగేది నా దృష్టిలో పై మెట్టు. దొరికిన చోటు తెలిస్తే ఇంకో మెట్టు పైకి.

ఇక ఉప్పు సంగతి. అందులోని క్లోరైడు రాగిలో దిగితే తేమ తగిలినప్పుడల్లా ఆమ్లం పుట్టించి లోహాన్ని తింటూనే ఉంటుంది. లేతపచ్చ పిండి చుక్కలుగా పైకి తేలుతుంది. గట్టి చిలుము గోటికి రాదు, ఈ పిండి రాలుతుంది. అలాంటి నాణేన్ని వెంటనే విడిగా, పొడిగా దాచి, తెలిసినవాళ్లకు చూపించాలి. సాతవాహనుల సీసపు నాణేలైతే చెక్కపెట్టెలో, అట్టపెట్టెలో పెట్టకూడదు. వాటి ఆవిరికే తెల్లబడి పొడి అవుతాయి.

పొలంలో దొరికినవాటికి చట్టం కూడా ఉంది. 1878 నాటి నిధి చట్టం ప్రకారం నేలలో దొరికింది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలపాలి. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు.

అమ్మమ్మ పైసా ఇప్పుడు నా దగ్గరే ఉంది. మెరుపు ఎన్నడో పోయింది, మచ్చలు మచ్చలుగా నల్లబడుతోంది. చిన్న కవర్లో వేసి, పైన ఊరు పేరు రాసి, దాని కింద 'తోమినది' అని రాసి పెట్టాను.