కర్ర కొసన చేతులు మారిన నేల: ఇంగ్లండు మేనరు కోర్టు చుట్టలను చదవడం గురించి

ఇంగ్లండులోని మేనరు కోర్టుల తోలుకాగితపు చుట్టల్లో దేన్ని విప్పినా ఒకే కథ మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. ఫలానా రైతు కోర్టుకు వచ్చి తన ఇంటినీ, ఇన్ని ఎకరాల నేలనూ కర్ర ద్వారా ప్రభువు చేతుల్లో వదిలిపెట్టాడు, ఫలానా రెండో మనిషి ఉపయోగం నిమిత్తం. ఆ రెండో మనిషి కోర్టుకు వచ్చి తనను కౌలుదారుగా చేర్చుకోమని కోరాడు. ప్రభువు తన స్టూవర్డు ద్వారా అదే కర్రతో అతనికి స్వాధీనం ఇచ్చాడు. ప్రభువు ఇష్టాన్ని అనుసరించి, మేనరు ఆచారం ప్రకారం అనుభవించాలి. నజరానా ఇంత. విశ్వాస ప్రమాణం చేశాడు. అంతటితో నమోదు ముగుస్తుంది.

జరిగింది అమ్మకమే. కాని అమ్మకం అన్న మాట ఇందులో లేదు. కొన్నవాడు అమ్మినవాడికి ఎంత ఇచ్చాడో చాలా నమోదుల్లో కనిపించదు. నేల ఒక రైతు నుంచి మరో రైతుకు నేరుగా పోలేదు. పైకి వెళ్లి కిందికి దిగింది. ఇద్దరు రైతుల బేరాన్ని ప్రభువు అనుగ్రహంగా మార్చి చెప్పడమే ఈ పాఠం చేసే పని. ఆ నమోదు నకలు ఒకటి కొన్నవాడి చేతికి వస్తుంది. అతని హక్కుకు ఆధారం ఆ నకలే. కాపీహోల్డు అన్న పేరు అలా వచ్చింది. అసలు ప్రభువు దగ్గర, నకలు రైతు దగ్గర ఉంటాయి. వెయ్యేళ్లకు చేరువైన ఇంగ్లండు భూమి చరిత్రలో ఇంత సూటిగా విషయం చెప్పే పేరు మరొకటి లేదని మా అభిప్రాయం.

తెలుగు శాఖ బులెటినులో ఇంగ్లండు రైతుల దస్తావేజులేమిటని కొందరు విద్యార్థులు అడగవచ్చు. మనలో చాలామంది ఇళ్లలో భూమి కాగితాలు ఇంటి భాషలో లేవు. హోసూరు వైపు చిట్టా, అడంగలు తమిళంలో, బళ్లారి వైపు పహణీ కన్నడంలో, మహారాష్ట్రలో సాత్-బారా మరాఠీలో, గంజాం జిల్లాలో ఖతియాను ఒడియాలో ఉంటాయి. యానాంలో పాత కాగితాలు ఫ్రెంచిలో కనిపిస్తాయి. ఇంట్లో తెలుగులో జరిగిన పంపకం మరో భాషలో కాగితానికి ఎక్కితే అందులో మన పెద్దల మాట ఎంత మిగిలిందన్నది మనకు ఊహాప్రశ్న కాదు. మేనరు కోర్టులో రైతు మాట్లాడింది ఇంగ్లీషు. గుమాస్తా రాసింది లాటిను. 17వ శతాబ్ది మధ్యలో రాజు లేని కొద్ది సంవత్సరాలను మినహాయిస్తే 1733 దాకా ఇదే పద్ధతి. తన హక్కుపత్రాన్ని తాను చదువుకోలేని రైతు పరంపర అక్కడ శతాబ్దాల తరబడి సాగింది.

ఇంకొక పోలిక కూడా ఉంది. ఇప్పుడు మనం రాజీనామా అంటే పదవి వదులుకోవడమే అనుకుంటాం. పాత బొంబాయి రాజధానిలో రైతు భూమిని సర్కారుకు వదులుతూ రాసిచ్చే కాగితం రాజీనామా, దాన్ని తీసుకునేవాడు రాసేది కబూలియతు. ఒకడు వదులుతాడు, ఇంకొకడు ఒప్పుకుంటాడు, నడుమ సర్కారు. కర్ర లేదు గాని వాక్యం కట్టుబడి అదే. ఒకదాని నుంచి మరొకటి పుట్టిందని మేము అనడం లేదు. పైవాడి సొత్తు అని చెప్పుకునే నేలను కిందివాళ్లు కొనుక్కోవలసి వచ్చినప్పుడు భాష ఇలాంటి దారే వెతుక్కుంటుందని మాత్రం అనగలం.

ఈ చుట్టలను పాఠాలుగా చదవడం నేర్పినవారిలో మేట్లండ్‌ను ముందు చెప్పుకోవాలి. 1889లో సెల్డన్ సొసైటీ తరఫున మేనరు కోర్టుల వ్యవహారాలను ఎంపిక చేసి ఆయన ప్రచురించాడు. తర్వాత టానీ 1912లో 'పదహారో శతాబ్దిలో వ్యవసాయ సమస్య' అనే గ్రంథం రాశాడు. వివాదమంతా అక్కడి నుంచే. 'ప్రభువు ఇష్టాన్ని అనుసరించి, మేనరు ఆచారం ప్రకారం' అన్న ఒక్క పదబంధంలో రెండు సగాలున్నాయి. మొదటి సగం ప్రకారం రైతును ఎప్పుడైనా వెళ్లగొట్టవచ్చు. రెండో సగం ప్రకారం వెళ్లగొట్టకూడదు. టానీ మొదటి సగం బరువును చూశాడు. గొర్రెల మేతకోసం, పెద్ద కౌళ్లకోసం ప్రభువులు ఒత్తిడి పెంచిన కాలంలో కాపీహోల్డు రైతుకు నిలకడ లేదని ఆయన వాదం. 1969లో కెరిడ్జ్ దీన్ని గట్టిగా ఖండించాడు. పదిహేనో శతాబ్ది రెండో సగానికే రాజు కోర్టుల న్యాయమూర్తులు ఆచారం పాటించే కాపీహోల్డుదారుడికి ప్రభువు మీద దావా ఉంటుందని అనడం మొదలుపెట్టారు గనుక చట్టం రైతు పక్షానే ఉందన్నాడు.

కెరిడ్జ్‌కు చట్టం బాగా తెలుసు. ఆ మేరకు ఆయన చెప్పింది సరైనదే. కాని ఆయన చదివినది వాక్యంలో హక్కున్న భాగం. దాని పక్కనే ఉన్న నజరానా అంకెను ఆయన తేలిగ్గా తీసుకున్నాడనిపిస్తుంది. కొన్ని మేనర్లలో ఈ నజరానా ఆచారరీత్యా స్థిరం. కొన్నింటిలో ప్రభువు ఎంతంటే అంత. అది రెండేళ్ల ఆదాయానికి మించరాదన్న కొలమానాన్ని కోర్టులు స్థిరపరచడానికి చాలా కాలం పట్టింది. తండ్రి చనిపోయాక కొడుకును వెళ్లగొట్టే హక్కు ప్రభువుకు లేకపోవచ్చు. కాని కొడుకు కట్టలేనంత నజరానా అడిగితే ఫలితం వేరేగా ఉంటుందా? కొన్ని సీమల్లో, ముఖ్యంగా పడమటి ఇంగ్లండులో, కాపీహోల్డు వారసత్వంగా కాక ముగ్గురి జీవితకాలాలకు మాత్రమే ఇచ్చేవారు. ఆ మూడో ప్రాణం పోయిందంటే బేరం మళ్లీ మొదటికి వచ్చేది. టానీ ఆవేదనలో అతిశయోక్తి ఉంది, నిజమే. అయినా నొప్పి ఎక్కడుందో చూపడంలో ఆయన వేలు తప్పలేదు.

ఇక్కడ ఒక మాట. విద్యార్థులు ఈ రెండు పుస్తకాల్లో ఏదో ఒకదాన్ని చదివి మేనరు గురించి తీర్మానాలు రాస్తుంటారు. మేనరుకో ఆచారం. సాధారణ చట్టంలో పెద్ద కొడుకు వారసుడైతే, కొన్ని మేనర్లలో అందరికన్నా చిన్నవాడు. ఒక చోట విధవకు భర్త నేలలో కొంత భాగం జీవితాంతం దక్కితే, మరోచోట అంతా దక్కుతుంది. ఇంకోచోట మారుమనువు చేసుకుంటే పోతుంది. ఈ తేడాలు తెలియకుండా 'ఇంగ్లండు రైతు' అని రాయడం మన కరణాల కవిలెలన్నింటినీ ఒకే ఊరివిగా భావించి రాయడం వంటిది.

రెండో పెద్ద వివాదం లెక్కల గురించి. బర్మింగ్‌హాం పక్కనున్న హేల్సోవెన్ మేనరు చుట్టలను ఆధారం చేసుకుని జ్వీ రాజీ 1980లో ఒక పుస్తకం రాశాడు. ఎవరి పేరు ఎప్పుడు కనిపించింది, ఎప్పుడు మాయమైంది, ఎవరి నేల ఎవరికి పోయింది అన్న నమోదులను పేర్చి 1270 నుంచి 1400 దాకా ఆ ఊరి పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు లెక్కగట్టాడు. 1349 మహామారి ఆ చుట్టల మీద ఎలా విరుచుకుపడిందో ఆయన చూపిన తీరు మరువలేనిది. మరణం అన్న మాటకు చుట్టలో విడి అధ్యాయం ఉండదు. ప్రభువుకు చెల్లించాల్సిన మేలైన పశువు, నేల కోసం వచ్చిన వారసుడు, వారసుడు రాకపోతే వరుస కోర్టుల్లో చాటింపు, చివరికి ప్రభువు స్వాధీనం. ఊరు ఖాళీ అవుతుంటే గుమాస్తా ఈ సూత్రాలనే, ఒక్క విశేషణమైనా చేర్చకుండా, రాసుకుంటూ పోయాడు.

రాజీ పద్ధతిని పూస్, స్మిత్ 1984లో తప్పుపట్టారు. కోర్టుకు వచ్చినవాడే చుట్టలోకి ఎక్కుతాడు. నేల లేని కూలి, ఇంటి పనిమనిషి, ఇతర మేనర్లకు వెళ్లిపోయిన పిల్లలు అరుదుగా కనిపిస్తారు. కనిపించకపోవడాన్ని లేకపోవడంగా తీసుకుంటే జనాభా లెక్క తప్పుతుంది. ఇది బలమైన విమర్శ. మేము దీన్నే ఒప్పుకుంటున్నాం. కాని దీన్ని పట్టుకుని చుట్టలను పక్కన పెట్టేయడం తొందరపాటు. అంకె నిలవకపోయినా, కుటుంబాలు నేలను కాపాడుకునేందుకు వేసిన ఎత్తులు నిలుస్తాయి. చావుకు ముందే కొడుక్కి వదిలి ఇవ్వడం, ముసలితనంలో తిండీ బట్టా పెట్టాలని షరతు రాయించుకోవడం, అప్పు తీరితే చెల్లనట్టు షరతుతో వదలడం, అంటే తాకట్టు. కాపీహోల్డును వీలునామాలో నేరుగా రాయడానికి వీల్లేదు గనుక, ముందుగా కోర్టులో 'నా వీలునామా ఉపయోగం కోసం' అని ప్రభువు చేతుల్లో వదిలి, తర్వాత వీలునామా రాసేవారు. ఆ అవసరాన్ని 1815లో గాని చట్టం తొలగించలేదు. అంతకాలమూ రైతులు పాత వాక్యాన్ని మార్చకుండా దాని కడుపులో కొత్త పనులు దాచుకున్నారు.

ఈ చుట్టల మీద అన్నింటికన్నా కఠినమైన విమర్శ చేసినవారు పండితులు కారు. 1381 తిరుగుబాటులో ఎసెక్సు, హెర్ట్‌ఫర్డ్‌షైరు, సఫోకు, నార్ఫోకు సీమల్లో రైతులు మేనరు ఇళ్ల మీద పడి కోర్టు చుట్టలను బయటికి లాగి తగలబెట్టారు. చదువురానివారి అక్షరద్వేషమని చాలాకాలం దీన్ని తేలిగ్గా చెప్పేవారు. స్టీవెన్ జస్టిస్ 1994లో ఈ మాటను తిరగేశాడు. రాతను అర్థం చేసుకోలేక కాదు, బాగా అర్థమయ్యే వాళ్లు ఏ కాగితాన్ని కాల్చాలో ఎంచి కాల్చారని ఆయన వాదన. మాకు ఇది సమంజసంగా తోస్తుంది. వెట్టికీ, బానిస పుట్టుకకూ సాక్ష్యం ఆ చుట్టలే. అయితే జస్టిస్ ఆగిన చోట ఒక చిక్కు మిగిలింది. రైతు నేల మీద హక్కుకు సాక్ష్యం కూడా అవే. వెట్టి ముద్రను కాల్చినవాడు పొలం గట్టునూ కాల్చుకున్నాడు. తిరుగుబాటు అణిగాక కొన్ని మేనర్లలో కొత్త చుట్టలు తెరిచి, పాతవి జనం కాల్చారని పైన రాసి, కౌలుదారులందరినీ మళ్లీ పిలిచి ఎవరెవరికి ఏమేమి నేల ఉందో ఒప్పించి నమోదు చేశారు. నకలు రైతు చేతిలో ఉండడం ఎందుకంత ముఖ్యమైందో ఆ తర్వాతి శతాబ్దిని చూస్తే తెలుస్తుంది. వెట్టి సడలింది, నకలు మిగిలింది.

1922 చట్టం ప్రకారం 1926 జనవరి 1న కాపీహోల్డు రద్దయింది. నేలకు ఇక ఆ చుట్టలతో పని లేదు. అయినా వాటిని మాస్టర్ ఆఫ్ ది రోల్స్ అనే న్యాయాధికారి బాధ్యత కింద ఉంచారు. అనుమతి లేకుండా ఇంగ్లండు, వేల్సు దాటించడానికి వీల్లేదు. యార్క్‌షైరులోని వేక్‌ఫీల్డు మేనరు చుట్టలు 1274 నుంచి కాపీహోల్డు రద్దు దాకా సాగాయి. మన కవిలెల్లో చాలావాటికి ఆ అదృష్టం పట్టలేదు. మెకంజీ సేకరించిన కైఫీయతుల్లో వాటి ప్రస్తావన చదివి తృప్తిపడవలసిందే.

విద్యార్థి మొదట చదవదగ్గ పుస్తకమేదని అడిగితే మేము టానీని గాని, రాజీని గాని సూచించం. జుడిత్ బెనెట్ 1999లో ప్రచురించిన సిసీలియా పెనిఫాడర్ జీవితకథను సూచిస్తాం. నార్తాంప్టన్‌షైరు బ్రిగ్‌స్టాక్ ఊరివాసి సిసీలియా. 1295 ప్రాంతంలో పుట్టి 1344లో చనిపోయింది. పెళ్లి చేసుకోలేదు. అప్పటికి కాపీహోల్డు అన్న పేరు ఇంకా స్థిరపడలేదు. ఆమె గురించి తెలిసేదల్లా కోర్టు నమోదులే. ఎకరం, అరెకరం కొనుక్కుంటూ ఒక ఆడమనిషి తన బతుకు తాను నిలబెట్టుకున్న తీరును బెనెట్ ఆ పొడి వాక్యాల్లోంచి బయటికి తీసింది. ఊహించిన చోట ఊహ అనే చెప్పింది. లోపం లేకపోలేదు. కరువు, చర్చి, కుటుంబం అంటూ పాఠ్యపుస్తకం పంథాలో సాగే అధ్యాయాల్లో సిసీలియా చాలా పేజీలపాటు కనబడదు.

పెళ్లయిన ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. భార్య తన నేలను వదిలేటప్పుడు స్టూవర్డు ఆమెను భర్తకు దూరంగా, ఒంటరిగా ప్రశ్నించాలి. బలవంతమేమీ లేదని ఆమె చెప్పాకే కర్ర అందుకోవాలి. నమోదుల్లో ఈ సంగతి రెండు మూడు లాటిను మాటల్లో ఉంటుంది, ప్రతిసారీ అవే మాటలు. ఒక్కతెనూ విడిగా విచారించడమైనది, ఆమె సమ్మతించింది. ఎవరూ సమ్మతించలేదని రాసిన నమోదు దొరికితే ఎంత బాగుండునో. అలా చెప్పిన ఆడవాళ్ల విషయంలో నేల చేతులు మారలేదు, కనుక నమోదూ పుట్టలేదు.